పుస్తకం ఇచ్చే చేత్తోనే టెలిస్కోపూ ఇవ్వండి

హైదరాబాద్ నగర గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి,

అయ్యా,

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక టెలిస్కోపు కొనమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడానికి కాదు. సభ్యుడు కార్డు చూపించి, రిజిస్టరులో సంతకం పెట్టి, పుస్తకం పట్టుకెళ్లినట్టే వారం రోజులు ఇంటికి పట్టుకెళ్లడానికి. ఎలాంటిది కొనాలో, ఎలాంటిది కొనకూడదో కూడా ఇందులోనే రాస్తున్నాను. ‘టెలిస్కోపు ఒకటి’ అని మాత్రం రాసి టెండరు పిలిస్తే ఏం దిగుతుందో ఊహించగలను: పెట్టె మీద పెద్ద అంకె, పెట్టెలో ఊగిపోయే స్టాండు.

ఉత్తరాన్ని బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. అశోక్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి వీధుల్లో పిల్లలకు టెలిస్కోపు కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మీరు కొనేలోపు వాళ్లు డబ్బు పోగొట్టుకోకుండా ఉంటే అదీ లాభమే.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన దగ్గర్నుంచి ‘మా వాడికి ఏది కొనమంటారు’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొన్నవాటి కథ మాత్రం దాదాపు ఒకటే. మొదటి వారం ఇంటిల్లిపాదీ మేడెక్కుతారు. రెండో వారం నాన్నగారొక్కరే ఎక్కుతారు. మూడో వారానికి టెలిస్కోపు అటకెక్కుతుంది. పిల్లవాడి బద్ధకమే కారణమనుకుంటే పొరపాటు. మేడ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, ఆరేసిన బట్టలు. గొట్టం ఒక్కసారి ఎదురింటి కిటికీ వైపు తిరిగిందా, అపార్టుమెంటు సంఘం మీటింగు పెట్టాల్సిందే. ఇవన్నీ దాటుకుని చూస్తే, నాసిరకం స్టాండు మీద శని గ్రహం వణుకుతున్న చుక్కలా ఉంటుంది. ఇంక ఎవరు ఎక్కుతారు?

అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లల సంగతి వేరు. గ్రూప్స్ రాయడానికి జిల్లాల నుంచి వచ్చి, గదికి ముగ్గురు నలుగురు సర్దుకుంటున్నవాళ్లు టెలిస్కోపు కొనే ప్రశ్నే లేదు. కానీ ఈ ఊళ్లో ఆకాశం గురించి వాళ్లంత శ్రద్ధగా కంఠస్థం చేసేవాళ్లు ఇంకెవరున్నారు? కావలూరు ఏ రాష్ట్రంలో ఉంది, జపాల్-రంగాపూర్ ఏ విశ్వవిద్యాలయానిది అంటే కళ్లు మూసుకుని చెబుతారు. రాజ్యాంగం 51-ఎ అధికరణంలో ‘హెచ్’ క్లాజు ఏమంటుందని అడిగితే, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అనీ, అది 1976 నాటి 42వ సవరణతో వచ్చిందనీ టక్కున అంటారు. అదే పిల్లల్ని బయటికి తీసుకొచ్చి గురుగ్రహం ఎక్కడుందో చూపించమంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. చూపించే చోటు మనం పెట్టలేదు.

ఈ అడగడం గ్రంథాలయాన్నే ఎందుకు అంటారా? ఈ ఊరి చరిత్రలోనే దానికి జవాబుంది.

1901లో హైదరాబాదులో రెండు సంస్థలు పుట్టాయి. సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు. అదే ఏడాది నవాబ్ జాఫర్ జంగ్ ఫిసల్‌బండలో తన సొంత వేధశాలకు పునాది వేశారు. గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపును విదేశం నుంచి తెప్పించారు. ఆయన 1907లో పోయాక, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. మనం పుస్తకాల్లో చదివే నిజామియా వేధశాల అదే.

పుస్తకాల దారి జనంలోకి వెళ్లింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది, తెలుగులో శాస్త్రం చదవడం పెరిగింది. ఊరూరా పఠనాలయాలు వెలిశాయి. చివరికి 1960 నాటి గ్రంథాలయ చట్టం వచ్చింది, మీ సంస్థలాంటివి ఏర్పడ్డాయి. టెలిస్కోపు దారిలోనూ గొప్ప పనులే జరిగాయి. నిజామియా 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో, అనేక దేశాలు కలిసి చేస్తున్న నక్షత్ర పట్టికకు హైదరాబాద్ తన వంతుగా లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి ఇచ్చింది. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీలో చదువుకున్న వైనూ బప్పు, 1949లో హార్వర్డులో ఉండగా ఒక తోకచుక్కను కనిపెట్టాడు. కావలూరులోని 2.3 మీటర్ల టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే. 1968లో జపాల్-రంగాపూర్‌కు 48 అంగుళాల టెలిస్కోపు వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కణ్నుంచి పరిశీలించారు.

ఇంత చరిత్రా గుమ్మటాల లోపలే ఉండిపోయింది. తర్వాత బేగంపేటకు మారిన నిజామియా ఆవరణ ఇవాళ మన పిల్లలకు ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) చిరునామాగానే తెలుసు. తెలంగాణ ఆర్థిక వ్యవస్థ పేపరు కోసం వాళ్లు తిరగేసే నివేదికలు అక్కణ్నుంచి వచ్చేవే. 1985 సెప్టెంబరు 8న ఎన్.టి. రామారావు ప్రారంభించిన బిర్లా ప్లానెటేరియం మన పేటకు కూతవేటు దూరంలోనే ఉంది, పిల్లలకు తప్పక చూపించాల్సిందే. అయితే అందులో కనిపించేది గుమ్మటం మీద వేసిన ఆకాశపు బొమ్మ. అసలు ఆకాశం పెద్దగా చేసి చూపించే పరికరాన్ని మామూలు మనిషి చేతికిచ్చే సంస్థ నాకు తెలిసి ఈ ఊళ్లో ఒక్కటీ లేదు. వస్తువును ఇచ్చి, తిరిగి తీసుకుని, ఇంకొకరికి ఇవ్వడం గ్రంథాలయానికి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు.

ఇది వింత ఆలోచనేం కాదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 2008లో అక్కడి ఖగోళ ఔత్సాహికుల సంఘం ఊరి గ్రంథాలయాలకు టెలిస్కోపులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు ఎంచుకున్నది బల్ల మీద పెట్టుకునే 114 ఎం.ఎం. టెలిస్కోపు. పోకుండా మూతలు గొలుసుతో కట్టేశారు, మార్చనక్కర్లేని జూమ్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) బిగించారు, సంచీలో చిన్న వాడుక పుస్తకం పెట్టారు. తర్వాత ఆ పద్ధతి మరెన్నో రాష్ట్రాలకు పాకింది.

ఇక ఎంపిక సంగతి.

ముందు పెట్టె మీది అంకెను మరిచిపోవాలి. 525 రెట్లు, 675 రెట్లు అని రాసి ఉంటే, ఆ ఒక్క కారణంతోనే ఆ టెలిస్కోపును వద్దనుకోవచ్చు. ఎన్ని రెట్లు పెద్దగా చూపించాలన్నది టెలిస్కోపు గుణం కాదు, మనం పెట్టే ఐపీస్‌ను బట్టి ఉంటుంది. పదో తరగతి పుస్తకంలో నాభ్యంతరం అని చదువుకున్నామే, గొట్టం నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే రెట్లు. చిన్న ఐపీస్ పెట్టి ఎవరైనా ఎంతైనా పెంచొచ్చు. కానీ ముందు కటకం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెండింతలు దాటితే పెరిగేది మసకే. 60 ఎం.ఎం. టెలిస్కోపుకు 120 రెట్లు హద్దు. 675 అంటే అబద్ధం.

చూడాల్సింది వెడల్పు. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ పక్కన పెరిగినవాళ్లకు 70 ఎం.ఎం. అంటే సంధ్య, దేవి గుర్తొస్తాయి. టెలిస్కోపుల బజారులో మాత్రం 70 ఎం.ఎం. అంటే చిన్న తెరే. వెలుతురు పోగు చేసే శక్తి వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 నుంచి 130కి వెళితే వెడల్పు రెండింతలు కూడా కాదు, వెలుతురు మాత్రం దాదాపు మూడున్నర రెట్లు. చీకట్లో బాగా తెరుచుకున్న మన కంటిపాప 7 ఎం.ఎం. అనుకుంటే, 130 ఎం.ఎం. అద్దం దానికి సుమారు 345 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. ఇంకో లెక్క చెబుతాను. 1840లో విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో కట్టించుకున్న వేధశాలలోని టెలిస్కోపు 4.8 అంగుళాలది, అంటే సుమారు 122 ఎం.ఎం. తర్వాత ఆ వేధశాలను నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవడం గమనించి రాశారు. ఆ రోజుల్లో జమీందారుకే చెల్లిన దానికంటే కాస్త పెద్దదాన్ని ఇవాళ మీరు సభ్యత్వ కార్డు మీద ఇవ్వగలరు.

వెడల్పు తర్వాత స్టాండు. దీన్ని పరీక్షించడం తేలిక. దుకాణంలోనే దూరంగా ఉన్న బోర్డు మీది ఒక అక్షరానికి గురిపెట్టి, 60, 70 రెట్లు వచ్చే ఐపీస్ పెట్టి, గొట్టాన్ని వేలితో చిన్నగా తట్టండి. అక్షరం వణికి రెండు సెకన్లలో నిలబడితే సరే. అయిదు సెకన్లు ఊగుతూనే ఉంటే ఆ టెలిస్కోపు తెచ్చుకోవద్దు. ఫోకస్ తిప్పడానికి చేయి వేసిన ప్రతిసారీ అది అలాగే ఊగుతుంది. మేడ మీద గాలికి ఇంకా ఊగుతుంది. సన్నటి అల్యూమినియం కాళ్ల మీద పొడుగాటి గొట్టాలు చాలావరకు ఇక్కడే ఫెయిలవుతాయి.

మూడోది మన ఊరి ఆకాశం. దీన్ని విదేశీ కొనుగోలు గైడ్లు చెప్పవు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం నేల నుంచి 17.4 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చిక్కడపల్లి సందుల్లో అంత ఎత్తును పక్క అపార్టుమెంటు మూడో అంతస్తే మింగేస్తుంది. ఈక్వటోరియల్ మౌంటు అనే ఖరీదైన స్టాండును ఆ నక్షత్రానికి గురిపెట్టి అమర్చాలి. కనిపించని నక్షత్రానికి గురిపెట్టడం ఎలా? కొత్తవాళ్లకు ఇక్కడ అది శిరోభారం, గ్రంథాలయానికి అసలు వద్దు.

ఇదే అక్షాంశం మనకొక వరం కూడా. గ్రహాలు ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరినప్పుడు హైదరాబాదులో దాదాపు 49 డిగ్రీల కంటే కిందికి ఉండవు. చాలాసార్లు నడినెత్తి దాకా వస్తాయి. లండన్‌లో అవే గ్రహాలు కొన్ని ఏళ్లలో 15 డిగ్రీల ఎత్తు దాటవు. నేలకు దగ్గరగా ఉండే మందపాటి గాలి పొరల్లోంచి చూడాల్సి వస్తుంది. అంటే గురుణ్ణీ శనినీ చూడటానికి అశోక్‌నగర్ మేడ లండన్ తోట కంటే మంచి చోటు. ఒక్కటే చిక్కు: నెత్తిమీది గ్రహానికి గురిపెడితే చౌక ట్రైపాడ్ల మీది పొడుగు గొట్టం కింది కొస స్టాండు కాలికి తగులుతుంది. మనకు సులువుగా నిటారుగా లేచే టెలిస్కోపు కావాలి.

ఈ మూడు అవసరాలూ ఒక్కచోట తీర్చిన వ్యక్తి జాన్ డాబ్సన్. ఆయన కథకు మన పేటతో చిన్న చుట్టరికముంది. డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టారు. 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత సమాజం ఆశ్రమంలో చేరి సన్యాసి జీవితం గడిపారు. అశోక్‌నగర్‌కు ఆనుకున్న దోమలగూడలో రామకృష్ణ మఠం ఉంది చూశారా, ఆ సంప్రదాయానిదే ఆ ఆశ్రమం. సన్యాసి చేతిలో డబ్బుండదు కదా. ఓడ కిటికీలకు వాడే గుండ్రటి గాజును అరగదీసి అద్దం చేశారు. అట్ట గొట్టం, ప్లైవుడ్ పెట్టె, అటూ ఇటూ తిప్పడానికి నున్నటి దిమ్మ. ఇరుసులు, పళ్ల చక్రాలు లేవు. టెలిస్కోపు పిచ్చి మరీ ముదిరిందని 1967లో ఆశ్రమం ఆయన్ను బయటికి పంపింది. మరుసటి ఏడు కుర్రాళ్లతో కలిసి ఫుట్‌పాత్ ఖగోళ సంఘం పెట్టి, దారినపోయేవాళ్లందరినీ ఆపి చంద్రుణ్ణి చూపించారు. తాను కనిపెట్టిన స్టాండుకు పేటెంటు తీసుకోలేదు. ఇవాళ ప్రపంచమంతా దాన్ని డాబ్సోనియన్ అంటుంది. మొదటిసారి కొనేవాళ్లకు అనుభవజ్ఞులు ముందుగా చెప్పే పేరు అదే.

కాబట్టి మీ టెండరులో ఈ మాటలు ఉండేలా చూడండి.

ఒకటి, బల్ల మీద పెట్టుకునే డాబ్సోనియన్, అద్దం 130 ఎం.ఎం., నాభ్యంతరం 650 ఎం.ఎం. స్కైవాచర్ హెరిటేజ్ 130పీ ఈ కొలతలదే. గొట్టం సగానికి ముడుచుకుంటుంది, బరువు ఆరు కిలోల చిల్లర, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. దాని బదులు ఇవే కొలతలున్న ఇంకే కంపెనీదైనా సరే.

రెండు, అద్దం పారాబోలా ఆకారంలో ఉండాలని రాయండి. గొట్టం మూరెడే ఉండి నాభ్యంతరం 1000 ఎం.ఎం. అని చెప్పే 114 ఎం.ఎం. టెలిస్కోపులు బజారులో ఉన్నాయి. లోపల అదనపు కటకం ఇరికించి ఆ అంకె తెస్తారు. చాలావాటిలో బొమ్మ తేటగా ఉండదు, అద్దాల అమరిక సరిచేయడమూ కష్టం.

మూడు, ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలది కావాలి. ఇంతకంటే సన్నటిదైతే రేపు మంచి ఐపీస్ కొన్నా పట్టదు. సాధారణంగా 25, 10 ఎం.ఎం. ఐపీస్‌లు వెంటే వస్తాయి. 26 రెట్లు, 65 రెట్లు. అరువిచ్చే టెలిస్కోపుకు 8 నుంచి 24 ఎం.ఎం. దాకా తిరిగే జూమ్ ఐపీస్ ఒకటి బిగించేస్తే 27 నుంచి 81 రెట్ల వరకు ఐపీస్ మార్చకుండా చూడొచ్చు, పోయే భయమూ ఉండదు.

నాలుగు, తనంతట తానే నక్షత్రాన్ని వెతికే కంప్యూటర్ టెలిస్కోపు మొదటిసారికి వద్దు. అదే ధరలో అద్దం చిన్నదైపోతుంది, బ్యాటరీ దిగిపోతే నిలిచిపోతుంది. ఆకాశపు పటానికి ఫోనులో స్టెల్లేరియం యాప్ చాలు.

అయిదు, వీటితో పాటు 10×50 బైనాక్యులర్లు రెండు. హాస్టల్ పిల్లాడు సంచీలో వేసుకుపోవచ్చు. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు టెలిస్కోపులో కంటే వాటిలోనే అందంగా ఉంటాయి.

ఇంత ఖర్చుకి కనిపించేదేమిటని మీ పాలకవర్గంలో ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. చిక్కడపల్లి ఆకాశం ఎల్ఈడీ దీపాలు, హోర్డింగులతో తెల్లగా పాలిపోయి ఉంటుంది. పత్రికల్లో వచ్చే రంగురంగుల గెలాక్సీలు ఇక్కడ కనిపిస్తాయని చెప్పేవాడు అబద్ధం చెబుతున్నట్టే. కానీ చంద్రుడికీ గ్రహాలకూ జంట నక్షత్రాలకూ వీధి దీపం అడ్డు కాదు.

చంద్రుణ్ణి పున్నమి నాడు చూడకండి. అప్పుడు ఎండ నేరుగా పడి నీడలుండవు, బొమ్మ చదునుగా ఉంటుంది. శుక్లపక్షంలో పంచమి నుంచి దశమి దాకా వెలుగూ చీకటీ కలిసే గీత వెంట చూడాలి. గుంతల గట్ల నీడలు లోపల పొడుగ్గా పడి ఉంటాయి, కొన్ని చోట్ల గుంత అడుగు ఇంకా చీకట్లో ఉండగానే మధ్యలోని శిఖరం మీద ఎండ తగులుతుంది. ఒక గంట తర్వాత మళ్లీ కన్ను పెడితే వెలుగు ఇంకొంచెం కిందికి దిగి ఉంటుంది. 130 ఎం.ఎం. అద్దానికి కొద్ది కిలోమీటర్ల గుంత కూడా అందుతుంది. చంద్రయాన్-3 ల్యాండర్ కనిపించదు, భూమ్మీది ఏ టెలిస్కోపు నుంచి కంటితో చూసినా కనిపించదు. అది దిగిన దక్షిణపు అంచు వైపున్న గుంతల గుంపు మాత్రం చక్కగా చూపించొచ్చు.

గురుడి పక్కన నాలుగు చుక్కలు వరసగా ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవే. గ్రంథాలయం మూసేలోపు రెండుసార్లు చూసి కాగితం మీద గుర్తులు పెడితే అవి కదిలినట్టు తెలుస్తుంది. శని వలయం 30 రెట్ల దగ్గర్నుంచీ పసిగట్టొచ్చు. 2025 మార్చిలో అది మనకు అంచు తిరిగింది. ఇప్పుడు ఏటా కొద్దికొద్దిగా విచ్చుకుంటూ 2032 నాటికి బాగా తెరుచుకుంటుంది; అంటే ఇప్పుడు కొంటే ఏడాదికేడాది చూపు మెరుగవుతూ పోతుంది. పెళ్లిలో కొత్త దంపతులకు చూపించే అరుంధతి పక్కనున్న వసిష్ఠ నక్షత్రానికి గురిపెడితే ఆ ఒక్క నక్షత్రమే రెండుగా విడిపోయి కనిపిస్తుంది. చలికాలంలో మృగశిర కింద పొగమంచులాంటి మరకలో నాలుగు చిన్న నక్షత్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి.

నడపడంలో కొన్ని జాగ్రత్తలున్నాయి. అన్నిటికంటే ముందు సూర్యుడు. గొట్టం ముందు వైపు సరైన ఫిల్టరు లేకుండా సూర్యుడికి గురిపెడితే కన్ను క్షణంలో పోతుంది. ఐపీస్‌కు బిగించే చిన్న ‘సన్’ ఫిల్టరు పెట్టెతో వస్తే దాన్ని ఆ రోజే పగలగొట్టి పారేయండి. వేడికి అది పగిలిపోవచ్చు. గొట్టం మీద ‘సూర్యుణ్ణి చూడరాదు’ అని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో స్టిక్కరు అంటించాలి. ముడుచుకునే గొట్టానికి మధ్యలో ఖాళీ ఉంటుంది, వీధి దీపం వెలుతురు దూరకుండా నల్ల చార్టు చుట్టాలి. బల్ల మీద పెట్టేది కాబట్టి ఊగని ఎత్తుపీట కావాలి. మేలో స్లాబు రాత్రి పదింటికీ వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ గాలిలో బొమ్మ అల్లాడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా రాత్రులు చూడటానికి హాయి. వానాకాలం నాలుగు నెలలూ సిలికా జెల్ పొట్లాలతో మూసిపెట్టకపోతే కటకాల మీద బూజు పడుతుంది. నెలకోసారి అద్దాల అమరిక చూడాలి, ఒక ఉద్యోగికి ఒక పూట నేర్పితే వచ్చేస్తుంది.

నెలకు రెండు సాయంత్రాలు, శుక్లపక్షంలో, గ్రంథాలయం ఆవరణలోనే జనానికి చూపించండి. 65 రెట్ల దగ్గర గ్రహం మూడు నిమిషాల్లో దృశ్యంలోంచి జారిపోతుంది కాబట్టి ప్రతి నలుగురికోసారి సరిచేసే మనిషి పక్కన ఉండాలి. ఆ పనికి కోచింగ్ పిల్లలే ముందుకొస్తారని నా నమ్మకం. భాద్రపద శుద్ధ చవితి ఒక్కటీ వదిలేద్దాం. నీలాపనిందల భయం లేనివాళ్లకు కూడా ఆ రోజు ఎలాగూ మబ్బే.

‘ముందు కుర్చీలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, కొత్త పుస్తకాలు’ అనేవాళ్లుంటారు. వాళ్ల మాట న్యాయమైనదే, ఆ నిధుల్లోంచి ఒక్క రూపాయి కూడా దీనికి మళ్లించమని నేను అడగను. కానీ 130 ఎం.ఎం. డాబ్సోనియన్ ఒక గదికి పెట్టే ఏసీ ధరకు మించదు. ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇల్లూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతోంది. ఆ డబ్బు మనుషులకు జ్ఞానం అందించడానికే. సెస్సులోంచి వద్దంటే, దాతల పేరు గొట్టం మీద రాస్తామని గ్రంథాలయం గోడకు ఒక ప్రకటన అంటించండి. పుస్తకాలు విరాళమిచ్చే ఈ పేటలో టెలిస్కోపు ఇచ్చేవాళ్లు దొరక్కపోరు. పాడు చేస్తారన్న భయం పుస్తకాల విషయంలో కూడా ఉండేదే. డిపాజిట్ పెట్టండి, రిజిస్టరు పెట్టండి. అటక మీద దుమ్ముపట్టడం కంటే పదిమంది చేతుల్లో కాస్త అరిగిపోవడం నయం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. అంతవరకు కొనక తప్పదనుకుంటే, 70 ఎం.ఎం. నాసిరకం దాని బదులు మంచి 10×50 బైనాక్యులర్లు కొనండి. డబ్బు కాస్త ఎక్కువుంటే పైన చెప్పిన కొలతలు చీటీ మీద రాసుకెళ్లండి, దుకాణదారు 500 రెట్లు అనగానే బయటికి వచ్చేయండి.

అధ్యక్షా, ఈ కార్తీకం లోపు పాలకవర్గం ముందు ఈ ప్రతిపాదన పెట్టండి. ఒకే ఒక్క టెలిస్కోపుతో మొదలుపెట్టి, ఏడాది తర్వాత రిజిస్టరు చూడండి. దానికి వరుస కట్టినవాళ్లు లేకపోతే ఏ కళాశాల భౌతికశాస్త్ర విభాగానికో ఇచ్చేయండి, నష్టం లేదు. ఉంటే, తక్కిన శాఖా గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి కొనండి.

ఇట్లు,
మీ విధేయుడు,
చిక్కడపల్లి గ్రంథాలయ పాఠకుడొకడు